మాట ఢిల్లీది, పద్దు పల్లెది

(వాడ నుంచి దేశం – 11వ భాగం)



ఈ వరసలో ఇప్పటిదాకా కౌలు గురించి, హాస్టళ్ళ గురించి, శ్మశానాల గురించి రాశాను. ఈసారి విదేశాంగ విధానం మీద రాస్తున్నానంటే ఒక విద్యార్థి మిత్రుడు మెసేజ్ పెట్టాడు. "సార్, అది ఢిల్లీలో పెద్దోళ్ళు చూసుకునే యవ్వారం. మార్టూర్లో కూర్చుని మనం మాట్లాడేదేముంది? మన గొడవలే మనకి తెమలట్లేదు కదా" అని. చాలామంది మనసులో ఉన్న మాటే అది. అందుకే కాస్త పొడుగైనా ఈ భాగం ఓపిగ్గా చదవండి.

మార్టూరు నుంచి ఒంగోలు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద అరగంట పోతే కొరిశపాడు దగ్గర హైవే రన్‌వేగా మారుతుంది. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. యుద్ధమొచ్చినా, తుపానొచ్చినా విమానాలు దిగడానికి కట్టారు. 2022 డిసెంబర్ 29న ఒకసారి, 2024 మార్చి 18న మరోసారి వైమానిక దళం అక్కడ ట్రయల్స్ చేసింది. రెండోసారి వచ్చిన విమానాల పేర్లు చూడండి. సుఖోయ్-30 రష్యాది. హాక్ బ్రిటన్‌ది. ఏఎన్-32 సోవియట్ కాలంలో కీవ్‌లో డిజైన్ చేసింది. డోర్నియర్ జర్మనీ డిజైన్, కాన్పూర్‌లో తయారీ. మన పొలాల మధ్య ఉన్న ఒక్క రోడ్డు ముక్క మీద నాలుగు దేశాలతో ఢిల్లీ పెట్టుకున్న సంబంధాలు కనిపించాయి.

ఆ సంబంధాల్లో ఏ ఒక్కటి బెసికినా దాని లెక్క మళ్ళీ ఈ పొలాల్లోకే వస్తుంది. 2025లో వచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దేశం ఎవరికీ తలొగ్గకుండా నిలబడాలి, అందులో నాకు అనుమానం లేదు. కానీ నిలబడ్డందుకు అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తున్నారన్నది అడగకపోతే, ఆ స్వాతంత్ర్యం కూడా మన పాత ఊరి లెక్కలాగే నడుస్తుంది. మాట ఒకరిది, మూట మోసేది ఇంకొకరు.

1. మధ్యలో ఉన్న దేశం

అంతర్జాతీయ రాజకీయాల్లో మధ్యస్థాయి శక్తి అనే మాట వాడతారు. అమెరికా, చైనా లాంటివి తమకి కావాల్సినట్టు నియమాలు రాసుకుంటాయి. చిన్న దేశాలు వాటికి సర్దుకుంటాయి. మధ్యలో బ్రెజిల్, తుర్కియే, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా లాంటివి ఉంటాయి. మాట వినిపించేంత బలం ఉంటుంది, మాట నెగ్గించుకునేంత బలం ఉండదు. మన దేశం మధ్యస్థాయి శక్తా, పెద్ద శక్తా అని ఢిల్లీ మేధావులు వాదించుకుంటారు. 2025లో జరిగింది చూస్తే ఆ వాదన తేలిపోయినట్టే అనిపిస్తుంది నాకు.

మూడెకరాల రైతు పరిస్థితి మీకు తెలుసు. ఒక మోతుబరి బోర్లోంచి నీళ్ళు రావాలి. ఇంకో మోతుబరి ట్రాక్టరు కావాలి. వాళ్ళిద్దరికీ పడదు. ఇద్దరితోనూ మంచిగా ఉండడం అతనికి తెలివితేటల ప్రదర్శన కాదు, పంట దక్కించుకోవడం. మన దేశం రష్యా దగ్గర ఆయుధాలూ చమురూ కొంటూ, అమెరికాకి రొయ్యలూ బట్టలూ అమ్ముతూ, చైనాతో సరిహద్దులో తలపడుతూనే ఆ దేశం నుంచి యంత్రాలు తెచ్చుకోవడం ఇలాంటిదే. దీన్నే వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి అంటున్నారు. నెహ్రూ కాలంలో అలీన విధానం అన్నారు.

ఈ విధానాన్ని నేను వెక్కిరించడం లేదు. 1966లో మనం కరువులో ఉండి అమెరికా గోధుమల మీద బతుకుతున్నప్పుడు, వియత్నాం మీద బాంబులు వేయడాన్ని మన ప్రభుత్వం తప్పుపట్టిందని జాన్సన్ ఓడల్ని ఆలస్యం చేయించాడు. తిండిగింజల కోసం ఒక్క గుమ్మం ముందు నిలబడితే ఏమవుతుందో ఈ దేశం చూసింది. నాలుగు గుమ్మాలు తెరిచి ఉంచుకోవాలన్న ఆలోచన అలాంటి అనుభవాలతో గట్టిపడింది. అది సరైనదే.

అయితే ఆబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. దేశం మొత్తాన్నీ ఒకే లేగదూడ అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఆ దూడకీ నాలుగు కాళ్ళున్నాయి. ప్రతిసారీ విరిగే కాలు ఒకటే ఎందుకవుతోంది?

2. ఆగస్టు నెల లెక్క

వరస చూడండి. 2022కి ముందు మనం కొనే ముడి చమురులో రష్యా వాటా 2 శాతం కూడా ఉండేది కాదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య దేశాలు కొనడం మానేశాయి, రష్యా ధర తగ్గించింది, మనం కొన్నాం. రష్యా వాటా మూడో వంతు దాటింది. ఎక్కువగా కొన్నవాళ్ళలో ప్రభుత్వ రంగ కంపెనీలూ ఉన్నాయి, జామ్‌నగర్ రిలయన్స్ ఉంది, రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కి సగం దాకా వాటా ఉన్న నయారా ఉంది.

చవక చమురు మార్టూరు బంకుల్లో కనిపించిందా? 2024 మార్చిలో, ఎన్నికల ముందు, లీటరుకి 2 రూపాయలు తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో ప్రపంచ మార్కెట్లో ధర పడితే, బంకులో ధర తగ్గించకుండా కేంద్రం లీటరుకి 2 రూపాయల ఎక్సైజ్ పెంచింది. మనం రష్యా చమురు కొనకపోయుంటే ప్రపంచ ధర ఇంకా పెరిగేది, మన బంకులోనూ మండేది అని ప్రభుత్వం చెబుతుంది. ఆ మాటలో నిజముంది. కానీ పెరగాల్సింది పెరగకపోవడం మనకి దక్కిన లాభం. తగ్గింది తగ్గినట్టు చేతికందడం రిఫైనరీలకీ ఖజానాకీ దక్కిన లాభం. ఈ రెండిటికీ తేడా ఉంది.

2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నందుకు శిక్షగా ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం. మొత్తం 50. మొదటి సుంకం అమల్లోకొచ్చిన ఆగస్టు 7నే ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభ జరిగింది. రైతులు, పశుపోషకులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీపడేది లేదని, దానికి తాను వ్యక్తిగతంగా భారీ మూల్యం చెల్లించాల్సొచ్చినా సిద్ధమేనని ప్రధాని ఆ సభలో అన్నారు. టీవీలన్నీ ఆ ముక్క తిప్పి తిప్పి వేశాయి.

పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 18న, ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం మర్నాటి నుంచి సెప్టెంబర్ 30 దాకా రద్దు. ఆగస్టు 27న అమెరికా సుంకం 50కి చేరింది. 28న ఈ రద్దుని డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి ఇంటికొచ్చేదెప్పుడు? అక్టోబర్ నుంచి. కొత్త పత్తి కాటా మీదికొచ్చే నెలలన్నిటా బయటి పత్తికి తలుపులు బార్లా తెరిచి పెట్టారన్నమాట.

మూల్యం చెల్లించడానికి సిద్ధమన్నది ఒకరు. చెల్లించింది ఎవరో తర్వాతి భాగం.

3. పద్దు రాసింది ఎక్కడ

మిల్లుల వాదన కూడా వినాలి. చిలకలూరిపేట, గణపవరం చుట్టూ స్పిన్నింగ్ మిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేసేది మన వాడల పిల్లలే. అమెరికాకి బట్టలు పోకపోతే నూలు కొనేవాడుండడు, షిఫ్టులు తగ్గుతాయి. మిల్లుని బతికించాలి, నిజమే. అయితే మిల్లుకి ఖజానా నుంచి సాయం చేయొచ్చు. కరెంటు చార్జీల్లో, వడ్డీలో, జీతాల్లో సాయం చేయొచ్చు. పత్తి ధర మీద నుంచి సాయం చేయడమంటే ఒక పేదవాడి జేబులోంచి తీసి ఇంకో పేదవాడికి ఇచ్చి, మధ్యలో దాత అనిపించుకోవడం.

2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. ప్రైవేటు వ్యాపారులు దానికంటే బాగా తక్కువకి అడిగారు. మద్దతు ధర కావాలంటే సీసీఐకి అమ్మాలి. సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు కావాలి, పత్తిలో తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చి విచ్చిన కాయల మీద వాన కురిపించింది. తేమ ఎంతుంటుందో వేరే చెప్పాలా?

ఇదంతా పట్టాదారు రైతు కష్టం. కౌలు రైతు కష్టం ఇంకో మెట్టు కింద ఉంటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని సంతకం చేస్తేనే కౌలు కార్డు వస్తుంది. ఎంతమంది యజమానులు సంతకం పెడతారో మార్టూరు, యద్దనపూడి, బల్లికురవ మండలాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కార్డు లేనివాడు తన పత్తిని ఇంకొకరి పేరు మీద అమ్ముకోవాలి, లేదంటే ఇంటి ముందుకొచ్చిన దళారీకి ఇచ్చేయాలి. ఈ కౌలుదారుల్లో మాల, మాదిగ కుటుంబాలు ఎన్నున్నాయో మీ ఊళ్ళో మీరే లెక్కపెట్టండి. మన తాతలు పాలేర్లు, మన నాన్నలు కూలీలు, మనవాళ్ళు కౌలుదాకా వచ్చారు. ఒక తరం కష్టంతో ఎక్కిన మెట్టది. ఒక్క నోటిఫికేషన్ దాన్ని కదిలించగలదు.

కౌలు రైతు కింద ఇంకో మెట్టుంది. అక్కడ పత్తి తీసే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకి కిలోల లెక్కన కూలి. పత్తి ధర పడితే రైతు ఎరువు ధర తగ్గించలేడు, మందు ధర తగ్గించలేడు, కౌలు తగ్గించలేడు. అతని చేతిలో ఉన్నది తీత కూలి ఒక్కటే. అది కూడా గిట్టకపోతే చివరి తీతలు వదిలేసి గొర్రెల్ని తోలతాడు. అప్పుడా ఆడవాళ్ళకి కూలి తగ్గడం కాదు, పనే పోతుంది. వాషింగ్టన్‌లో మొదలైన సుంకం ఢిల్లీ మీదుగా దిగి దిగి చివరికి ఆగేది వాళ్ళ ఒడిలో ఉన్న పత్తి మూట మీద. అక్కడి నుంచి ఇంకా కిందికి తోయడానికి మనిషి లేడు.

సముద్రం వైపు చూస్తే ఇదే వరస. 2024-25లో దేశం నుంచి 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. అందులో పెద్ద కొనుగోలుదారు అమెరికా, పెద్ద సరుకు రొయ్య, రొయ్యల్లో పెద్ద రాష్ట్రం మనది. 50 శాతం సుంకం పడ్డాక 25 వేల కోట్ల నష్టం రావచ్చని మన ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. లేఖలో రైతులున్నారు, ఎగుమతిదారులున్నారు. ప్రాసెసింగ్ ప్లాంట్లలో చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తీసే ఆడవాళ్ళు వార్తల్లో ఎంత కనిపించారు? కంటైనర్ ఆగితే ఎగుమతిదారు బ్యాంకుతో మాట్లాడుకుంటాడు. ఆవిడకి మర్నాడు వ్యాన్ రాదు, అంతే.

నవంబర్లో కేంద్రం ఎగుమతిదారుల కోసం 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్, 20 వేల కోట్ల రుణ హామీ పథకం ప్రకటించింది. మంచిదే. కానీ దాన్ని బ్రెజిల్ చేసిన పనితో పోల్చి చూడండి. మనలాగే మధ్యలో ఉన్న దేశం, మనలాగే 50 శాతం సుంకం పడ్డ దేశం. ఆగస్టులోనే ఎగుమతి కంపెనీలకి రుణసాయం ప్రకటించి, ఉద్యోగులను తీసేయకూడదన్న షరతు పెట్టింది. అమ్ముడుపోని ఆహార సరుకుని బడిపిల్లల భోజనానికి ప్రభుత్వం కొనేలా దారి తెరిచింది. బ్రెజిల్ స్వర్గం అని నేను చెప్పడం లేదు. తలొగ్గకుండా నిలబడుతూనే ఆ ఖర్చు కింది మెట్టు మీద పడకుండా చూడొచ్చని చెబుతున్నాను. మనం ఆ షరతు పెట్టలేకపోవడానికి విదేశీ ఒత్తిడి కారణం కాదు.

సెప్టెంబర్లో హెచ్1బి వీసా ఫీజు లక్ష డాలర్లకి పెంచినప్పుడు తెలుగు చానెళ్ళలో జరిగిన చర్చలు గుర్తు తెచ్చుకోండి. ఆ బాధ నిజమైనదే, మన పిల్లలు కూడా అక్కడున్నారు. పత్తి సుంకం మీద అన్ని గంటలు చర్చ జరగడం మీరు చూశారా?

4. సరిహద్దు కూడా ఇదే ఊళ్ళో ఉంది

2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్ళలో సూర్యాపేటకి చెందిన కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. రెండు వారాల్లో 59 చైనా యాప్‌లను నిషేధించారు. చైనా వస్తువులు కొనొద్దని ఊరూరా మాట్లాడారు. ఆ తర్వాత ఏం జరిగింది? 2024-25 నాటికి చైనాతో మన వాణిజ్య లోటు 99 బిలియన్ డాలర్లు దాటింది. చైనా వాడు గుంటూరు తేజ మిర్చి కొంటూనే ఉన్నాడు, చీమకుర్తి గ్రానైట్ బండలు తీసుకెళుతూనే ఉన్నాడు. వాడు కొనకపోతే యార్డులో ధర పడిపోతుందని మిర్చి వేసే ప్రతి రైతుకీ తెలుసు. కాయ కోసే, తొడిమలు తీసే ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ప్రభుత్వం వ్యాపారం ఆపకపోవడం తప్పని నేననను. ఆపితే మొదట పస్తుండేది మనవాళ్ళే. అయితే ఒకవైపు శత్రువు అని జనాన్ని రెచ్చగొట్టడం, మరోవైపు అదే శత్రువు మీద ఆధారపడ్డ పంటకి ఏ రక్షణా పెట్టకపోవడం, ఇది ఏ రకం భద్రత? 20 వేలు దాటి పలికిన మిర్చి ధర కూలిపోతే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. ఒక దేశం మీద ఆధారపడడం ప్రమాదమని రక్షణ నిపుణులు మందుగుండు గురించి చెప్పే మాట మిర్చికీ వర్తిస్తుంది. ఎవరూ చెప్పరు.

2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ. అగ్నివీర్‌గా చేరాడు. అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో వచ్చింది. నాలుగేళ్ళ ఉద్యోగం, ఆ తర్వాత నూటికి 25 మందికే కొనసాగింపు, మిగతావాళ్ళకి కొంత సొమ్ము చేతికిస్తారు, పింఛను ఉండదు. పింఛన్ల భారం తగ్గి ఆ డబ్బు ఆయుధాలకి మిగులుతుందని ఈ పథకాన్ని సమర్థించేవాళ్ళే రాశారు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో పొదుపు చేయాలనుకున్నప్పుడు చేతికి మొదట అందింది తండా కుర్రాడి ఉద్యోగ భద్రత.

దేశానికి సైన్యం అక్కర్లేదని ఎవరైనా అంటే అది నా మాట కాదు. సైన్యంలో చేరే హక్కు కోసం మనవాళ్ళు కొట్లాడారు. మహార్లని సైన్యంలోకి తీసుకోవడం బ్రిటిష్ వాళ్ళు ఆపేస్తే, బాబాసాహెబ్ పట్టుబట్టాక 1941లో మహార్ రెజిమెంట్ ఏర్పడింది. తరతరాలుగా సరిహద్దుకి మనుషుల్ని పంపిన కులాలకి భద్రత గురించి మాట్లాడే హక్కు ఒకరు ఇవ్వనక్కర్లేదు.

5. బాబాసాహెబ్ పద్దు తీసి చూశాడు

అంబేడ్కర్ 1951 సెప్టెంబర్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లు కోసం అని మన పాఠాల్లో చెబుతారు. అది ప్రధాన కారణాల్లో ఒకటి. అక్టోబర్ 10 నాటి ప్రకటన మొత్తం చదివితే అందులో విదేశాంగ విధానం కూడా ఒక కారణమని స్పష్టంగా ఉంది. అక్కడ ఆయన సిద్ధాంతం చెప్పలేదు, లెక్క చెప్పాడు. దేశానికి ఏటా వచ్చే ఆదాయం 350 కోట్లు, అందులో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయి, మనకి మిత్రులు లేకుండా చేసుకున్న విధానానికి ఇది నేరుగా వచ్చిన ఫలితం అన్నాడు. సగానికి పైగా డబ్బు అక్కడికి పోతే ఆకలితో ఉన్నవాళ్ళకి పెట్టేదెక్కడ, పరిశ్రమలు కట్టేదెక్కడ అన్నది ఆయన ఆవేదన.

1954 ఆగస్టులో రాజ్యసభలో మళ్ళీ మాట్లాడాడు. పంచశీలని నమ్ముకోవడం, టిబెట్ మీద చైనా ఆధిపత్యాన్ని ఒప్పుకోవడం ప్రమాదమని హెచ్చరించాడు. ఎనిమిదేళ్ళకి యుద్ధం వచ్చింది, చూడడానికి ఆయన లేడు.

ఆయన చెప్పిన పరిష్కారాలన్నీ ఇవాళ మనం ఒప్పుకోవాలని లేదు. ఆయన అలీన విధానాన్ని విమర్శించి, ప్రజాస్వామ్య దేశాలతో, అంటే అప్పటి పాశ్చాత్య కూటమితో దగ్గరగా ఉండాలనే వైపు మొగ్గాడు. ఆ కూటమి పెద్దన్న 2025లో మన రొయ్య మీద 50 శాతం వేశాడు. కాబట్టి నేను నాలుగు గుమ్మాల విధానం వైపే ఉంటాను. కానీ ఆయన పద్ధతి మాత్రం వదలను. ఏ విధానం గొప్పగా వినిపించినా, దాని పక్కన దాని ఖర్చు రాసి, ఆ ఖర్చు ఎవరి కంచంలోంచి పోతోందో చూపించడం ఆ పద్ధతి. దేశభక్తి పేరుతో పద్దు దాచడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

6. మన మాట ఎవరు తీసుకెళ్ళాలి

2001లో దక్షిణాఫ్రికా డర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కుల వివక్షని అక్కడి చర్చలో పెట్టాలని దళిత సంఘాలు వెళ్ళాయి. కారంచేడు, చుండూరు జ్ఞాపకాలు మోసుకుని తెలుగు నేల నుంచి కూడా వెళ్ళారు. కులం మా అంతర్గత వ్యవహారం అని మన ప్రభుత్వం పట్టుబట్టి ఆ మాటని అధికారిక పత్రాల్లోకి రానీయలేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష అంతర్గత వ్యవహారం కాదని దశాబ్దాలపాటు ప్రపంచానికి చెప్పిన దేశం మనది. అలా చెప్పినందుకు గర్వపడదాం. అదే నోటితో వాడ సంగతి మాత్రం బయట మాట్లాడొద్దన్నప్పుడు ఆ విధానం ఎవరి పరువు కాపాడుతోందో కూడా అడుగుదాం.

నేను సాహిత్యం మనిషిని కాబట్టి ఒక మాట. మన పక్క వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని రాయబారం పంపుతాడు. ఎంఏలో మీరంతా దాన్ని సందేశకావ్యంగా చదువుతారు. నాకు అది రాయబారం నుంచి వెలివేయబడ్డవాడి కావ్యంగా కూడా కనిపిస్తుంది. అధికారం ఉన్న చోటికి మన మనిషి వెళ్ళలేనప్పుడు మన మాట మోయడానికి గబ్బిలమే దిక్కు.

మన మనిషి వెళ్ళినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. కె.ఆర్. నారాయణన్ 1949లో విదేశాంగ సేవలో చేరాడు. చైనాతో ఏళ్ళ తరబడి తెగిపోయిన రాయబారి స్థాయి సంబంధాలు 1976లో తిరిగి మొదలైనప్పుడు బీజింగ్‌కి వెళ్ళింది ఆయనే. తర్వాత వాషింగ్టన్‌లో రాయబారి, ఆ తర్వాత రాష్ట్రపతి. గబ్బిలం అవసరం లేకుండా మనమే వెళ్ళగలమని ఆయన జీవితం చెబుతుంది. ఒక్కడు వెళ్ళడం సరిపోదనీ చెబుతుంది.

7. ఏం అడగాలి

ఒకటి. మన దేశంలో విదేశాలతో ఒప్పందానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. ప్రభుత్వమే సంతకం పెడుతుంది. 1994 ఏప్రిల్‌లో డబ్ల్యూటీఓ ఒప్పందం మన తెలుగువాడు పీవీ ప్రధానిగా ఉండగా అలాగే అయిపోయింది, వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నా రాష్ట్రాలు చూస్తూ ఉండిపోయాయి. 2025లో అమెరికాతో వాణిజ్య చర్చలు నడిచాయి. సంతకానికి ముందు ఇలాంటి ఒప్పందం పార్లమెంటులో, పంటలకి సంబంధించిన భాగం అసెంబ్లీలో చర్చకి రావాలని అడగాలి.

రెండు. దిగుమతి సుంకం తీసేసే ప్రతి నోటిఫికేషన్‌తో పాటు దాని ప్రభావం ఎవరి మీద పడుతుందో, రైతు, కౌలుదారు, కూలీ విడివిడిగా, ప్రభుత్వం చెప్పాలి. పత్తి సుంకం రద్దుకి 2025 డిసెంబర్ 31 దాకా గడువు పెట్టారు. అలాంటి రద్దు మళ్ళీ చేయకూడదని అడగాలి.

మూడు. యజమాని సంతకంతో పని లేకుండా సాగు చేసినవాడి దగ్గర సీసీఐ కొనాలి. గ్రామసభ ధ్రువీకరణ చాలు.

నాలుగు. ఎగుమతిదారుడికి ఇచ్చే ప్రతి రూపాయి సాయానికీ కూలీల పని రోజులు తగ్గించకూడదన్న షరతు ఉండాలి. చవక చమురు మీద వచ్చిన మిగులులో కొంత, ఆ చమురు వల్ల దెబ్బతిన్న రొయ్య, పత్తి, బట్టల కూలీలకి వెళ్ళాలి. లాభం, నష్టం ఒకే నిర్ణయం నుంచి పుట్టినప్పుడు రెండూ ఒకే పద్దులో ఉండడం న్యాయం.

అయిదు, మీకు. 2025 డిసెంబర్ 4, 5 తేదీల్లో పుతిన్ ఢిల్లీకి వచ్చినప్పుడు మీలో చాలామంది కౌగిలింతల రీల్స్ షేర్ చేశారు. తప్పేం లేదు. దాంతోపాటు ఆ రోజు ఏమేం సంతకాలయ్యాయో ఒక పేజీ చదవండి. పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు అంతర్జాతీయ సంబంధాలని మార్కుల కోసం బట్టీ పట్టకండి. మీ అమ్మ ఈ ఏడు ఎన్ని రోజులు పత్తి తీతకి వెళ్ళింది, కిందటేడు ఎన్ని రోజులు వెళ్ళింది, కిలోకి ఎంతిచ్చారు, ఇవి రాసిపెట్టుకోండి. ప్రతి హాస్టల్ నుంచి పదిమంది ఇలా రాస్తే, ఏ మంత్రిత్వ శాఖ దగ్గరా లేని లెక్క మన దగ్గరుంటుంది. ఆ లెక్క పట్టుకుని మాట్లాడేవాడిని "ఇది పెద్దోళ్ళ యవ్వారం" అని ఎవరూ పక్కకి నెట్టలేరు.

దేశం ఎవరికీ తలవంచకూడదు. ఆ పని పల్లె నడుము వంచి చేయకూడదు.

వచ్చే భాగంలో మార్టూరు, బల్లికురవ గ్రానైట్ ఫ్యాక్టరీల దుమ్ము గురించి, ఆ దుమ్ములో పనిచేయడానికి రాజస్థాన్, బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన మనవాళ్ళ గురించి రాస్తాను. కామెంట్లలో విభేదించండి, అంకెలు తప్పయితే చూపించండి, మీ ఊళ్ళో తీత కూలి ఎంతో మాత్రం తప్పకుండా రాయండి.

జై భీమ్.